పెద్ద వయసులో పెరటి సేద్యం: నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం

ఉద్యోగ విరమణకు దగ్గరపడుతున్న మిత్రులు తరచుగా నన్ను ఒక ప్రశ్న అడుగుతూ ఉంటారు. "డాక్టరు గారూ, మేమూ మీలాగే ఊళ్లో కాస్త నేల చూసుకుని, ఒక ఆవును కట్టుకుని, మా కూరలు మేమే పండించుకుని బ్రతుకుదామనుకుంటున్నాం. ఆరోగ్యానికి మంచిదే కదా?" అని. మంచిదే. అయితే ఆ ఒక్క మాటతో వారిని పంపివేస్తే వైద్యుడిగా నేను సగం నిజమే చెప్పినవాడినవుతాను. మిగిలిన సగం చెప్పడానికే ఈ వ్యాసం. అందులో నా పొరపాటు కూడా ఉంది. దానిని దాచి వ్రాస్తే చదివినవారికి ఉపయోగం ఉండదు.

2012లో, 58 ఏళ్ల వయసులో ప్రభుత్వ వైద్యుడిగా పదవీ విరమణ చేశాను. మా శ్రీమతి నాకంటే నాలుగేళ్లు చిన్న. విజయవాడలోని అద్దె ఇల్లు ఖాళీ చేసి, నూజివీడు సమీపంలో ఉన్న మా తండ్రిగారి ఊరికి చేరుకున్నాం. 2022 నాటి జిల్లాల పునర్విభజనలో నూజివీడు ఏలూరు జిల్లాలో కలిసింది గానీ, మేము వచ్చేనాటికి అది కృష్ణా జిల్లాయే. మెట్ట ప్రాంతం, ఎర్ర నేల, ఎటు చూసినా మామిడి తోటలు. అన్నదమ్ముల పంపకంలో నా వాటాకు 80 సెంట్ల భూమి వచ్చింది. అందులో బంగినపల్లి, చిన్నరసాల చెట్లు పద్దెనిమిది, కొబ్బరి చెట్లు ఆరు, ఒక పాత బావి, ఒక బోరు ఉండేవి. రెండు గదుల పెంకుటిల్లు బాగుచేయించుకుని, ఇంటి వెనుక కూరగాయల మళ్లు కట్టుకున్నాం. కంచె పొడవునా మునగ, కరివేపాకు, బొప్పాయి నాటాం. బీర, సొర, కాకరలకు పందిళ్లు వేశాం. గట్ల మీద కంది చల్లాం. మూడవ ఏట ఒక ఆవును కొన్నాం. ఆ తరువాత పది కోళ్లు వచ్చాయి.

మొదటి సంవత్సరాలలో నాకు ఒక విధమైన గర్వం ఉండేది. ఇంటికి వచ్చినవారికి భోజనం పెట్టి, విస్తరిలోని పదార్థాలను ఒక్కొక్కటిగా చూపించి, ఇది మన పెరటిదే, ఇది మన ఆవు నెయ్యే, ఇది మన చెట్టు కాయే అని చెప్పుకునేవాడిని. నిజానికి మా స్వయంసమృద్ధి ఎంతటిదో ఒకసారి మా శ్రీమతి కాగితం మీద లెక్క వేసి చూపించింది. ఆకుకూరలు, కూరగాయలు, పాలు, గుడ్లు, కొబ్బరి, ఏడాదికి సరిపడా కందిపప్పులో ముప్పాతిక భాగం, ఆవకాయకు కాయలు మావే. బియ్యం, నూనె, ఉప్పు, పంచదార, కరెంటు, ఆవుకు తవుడు, మోటారు మరమ్మతు, నా రక్తపోటు మాత్రలు బయటివే. "ఏమండీ, మనం ఎవరి మీదా ఆధారపడటం లేదని మీరు అంటున్నారు. నెలకు పదిసార్లు బజారుకు ఎవరు వెళ్తున్నారు?" అని నవ్వింది. ఆ నవ్వులోని హెచ్చరికను నేను అప్పుడు పట్టించుకోలేదు.

ముందుగా లాభాల గురించి చెప్పుకుందాం. నలభై ఏళ్లు దాటిన తరువాత మన కండరాలు క్రమంగా క్షీణించడం మొదలవుతుంది. అరవై తరువాత ఆ క్షీణత వేగం పుంజుకుంటుంది. కుర్చీలోంచి చేతి ఆసరా లేకుండా లేవలేకపోవడం, మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకోవడం దాని తొలి గుర్తులు. దీనికి మందు కండరాలకు పని చెప్పడమే. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలనీ, 65 దాటినవారు దానికి తోడు వారానికి మూడు రోజులు శరీరం తూలకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు, కండరాల బలం పెంచే వ్యాయామాలు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. పార పట్టి పాదులు తీయడం, నీళ్ల బిందె మోయడం, గొంతుక్కూర్చుని కలుపు తీసి లేవడం, గట్టు మీద నడవడం, వీటిలో ఆ మూడు రకాల శ్రమా ఉంది. దీనికి తోడు ఉదయపు ఎండ, తాజా ఆకుకూరలు, వేళకు నిద్ర. మొదటి రెండేళ్లలో నా బరువు ఆరు కిలోలు తగ్గింది. మా శ్రీమతికి మధుమేహం హద్దులోకి వచ్చింది.

ఇక రెండవ వైపు. 2015 మే నెలను తెలుగువారు అంత సులభంగా మరచిపోరు. ఆ వేసవి వడగాడ్పులకు తెలుగు రాష్ట్రాలలో వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ రోజులలోనే ఒకనాడు బోరు మోటారు కాలిపోయింది. మెకానిక్ సాయంత్రం వస్తానన్నాడు. అంతవరకు ఆగలేక, పదకొండు గంటల ఎండలో బావి నుంచి నీళ్లు తోడి, లేత మామిడి మొక్కలకు, ఆవుకు పోశాను. పెద్దగా దాహం వేయలేదు. పిక్కలు పట్టేశాయి, కళ్లు తిరిగాయి, బావి గట్టునే కూలబడ్డాను. రెండు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకోవలసి వచ్చింది. పరీక్షలో క్రియాటినిన్ 2.1కి చేరింది.

ఎందుకిలా జరిగిందో రోగులకు వందసార్లు వివరించినవాడినే నేను. వయసు పైబడినకొద్దీ దాహాన్ని తెలియజేసే యంత్రాంగం మందగిస్తుంది. శరీరానికి నీరు కావలసినప్పుడు కూడా నోరు అడగదు. దానికి తోడు నేను రక్తపోటుకు వాడుతున్నది టెల్మిసార్టాన్‌తో పాటు మూత్రం ఎక్కువగా పోయించే మందు కలిసిన మాత్ర. ఒంట్లో నీరు తగ్గిన వేళ ఈ రెండూ కలిసి మూత్రపిండాలను ఇబ్బంది పెడతాయి. అందుచేత ఇటువంటి మాత్రలు వాడేవారు వేసవికి ముందే తమ వైద్యుని కలిసి, విపరీతమైన ఎండ తగిలినప్పుడు, వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు మాత్ర విషయంలో ఏమి చేయాలో అడిగి తెలుసుకోవాలి. తమంతట తాము మానకూడదు, తెలియక కొనసాగించకూడదు. దాహం కోసం ఎదురుచూడకుండా గడియారం చూసి నీళ్లు, మజ్జిగ త్రాగాలి. గుండె బలహీనత, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం ఎంత త్రాగాలో వైద్యుని అడగాలి.

ఆ దెబ్బతో నేను ఎండవేళ పని మానుకున్నాను గానీ గర్వం మానుకోలేదు. పొరుగున ఉన్న దంపతులు మా కంటే పదేళ్లు చిన్నవారు. ఆయన "అన్నయ్యగారూ, గడ్డి కోయడానికి మా పిల్లవాణ్ణి పంపిస్తాను, మీకెందుకండీ శ్రమ" అని ఎన్నిసార్లు అన్నా, మా పని మేమే చేసుకోవాలని పట్టుబట్టాను. 2019 వర్షాకాలానికి నా కుడి మోకాలు నొప్పి ముదిరింది. తోట వెనుక కంచె పొడవునా గడ్డి, తుప్పలు నడుము ఎత్తున పెరిగాయి. రేపు కొడతాను, ఎల్లుండి కొడతాను అంటూ వాయిదా వేశాను. ఆవుకు మేత కావాలి కాబట్టి మా శ్రీమతి రోజూ కొడవలి పట్టుకుని ఆ గడ్డిలో కూర్చుని కోసుకొచ్చేది.

అక్టోబరు రెండవ వారంలో ఆమెకు జ్వరం తగిలింది. తలనొప్పి, ఒళ్లు నొప్పులు, ఆకలి లేదు. పారాసిటమాల్ ఇచ్చాను. మూడవ రోజున రక్తపరీక్ష చేయించాను. మలేరియా లేదు, డెంగీ లేదు, ప్లేట్‌లెట్లు కొంచెం తగ్గాయి. విషజ్వరమై ఉంటుంది, తగ్గుతుందని నాకు నేను చెప్పుకున్నాను. ఐదవ రోజు రాత్రి ఆమె మాట తడబడింది. ఆరవ రోజు ఉదయానికి ఆయాసం మొదలైంది. కారు కోసం ఫోను చేస్తూ నేను వాకిట్లో ఉండగా, పొరుగింటావిడ లోపల ఆమెకు ఒళ్లు తుడిచి చీర మారుస్తున్నది. కంగారుగా బయటకు వచ్చి, "అన్నయ్యగారూ, వదిన నడుం కింద ఏదో కాలినట్టు నల్లగా ఉంది, చూశారా?" అని అడిగింది.

చూడలేదు. వెళ్లి చూశాను. చీర కుచ్చెళ్లు కట్టే చోటికి కాస్త వెనుకగా, సిగరెట్టుతో కాల్చినట్టు గుండ్రని నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రని అంచు. వైద్య విద్యార్థికి కూడా ఆ గుర్తు చాలు. అది స్క్రబ్ టైఫస్.

తుప్పలలో, పొడవైన గడ్డిలో ఉండే ఒక రకం సూక్ష్మమైన పురుగు పిల్లదశలో ఉన్నప్పుడు మనిషిని కుట్టడం వలన ఈ జ్వరం వస్తుంది. మిరప చేలలో రైతులు చూసే ఎర్రనల్లికి అది దూరపు చుట్టం. కంటికి ఆననంత చిన్నది. ఎలుకలు తిరిగే చోట ఎక్కువగా ఉంటుంది. వానలు పడుతున్నప్పుడు, పడి వెలిసిన తరువాతి నెలలలో ఈ జ్వరాలు పెరుగుతాయి. కుట్టిన చోట నొప్పి ఉండదు, దురద ఉండకపోవచ్చు. అందుకే రోగికి తెలియదు. నల్లటి పెచ్చు చంకలో, గజ్జలలో, రొమ్ముల క్రింద, నడుము మడతలలో దాగి ఉంటుంది. అందరికీ పెచ్చు కనిపించాలని లేదు కూడా. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే చవకైన పాత మందుతో, లేదా అజిత్రోమైసిన్‌తో, చాలామందికి రెండు రోజులలో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతిని ప్రాణం మీదకు వస్తుంది.

విజయవాడ చేరేసరికి ఆమె రక్తపోటు బాగా పడిపోయింది. ఐసీయూలో మూడు రోజులు ఆక్సిజన్ పెట్టారు. మందు మొదలుపెట్టిన రెండవ రోజు సాయంత్రానికి జ్వరం దిగింది. నాల్గవ రోజున వార్డులోకి తెచ్చాక, నన్ను ప్రక్కన కూర్చోమని సైగ చేసి నెమ్మదిగా అడిగింది: "ముప్పై ఏళ్లు ఊరందరినీ పడుకోబెట్టి చూశారు కదండీ. నన్ను చూడలేదేం?"

ఆమె నిష్ఠూరంగా అనలేదు. తెలుసుకుందామనే అడిగింది. నా దగ్గర సమాధానం లేకపోయింది. జ్వరంతో వచ్చిన ప్రతి రోగినీ తల నుంచి పాదాల వరకు పరీక్షించాలని నేను జూనియర్ డాక్టర్లకు బోధించాను. నా ఇంట్లో జ్వరం వస్తే నాడి చూసి, మాత్ర ఇచ్చి, పాదులు చూసుకోవడానికి వెళ్లాను. ఇంటి మనిషి కాబట్టి కళ్లతో చూసి తెలిసిపోతుందనుకున్నాను. వైద్యులు తమవారికి తాము వైద్యం చేయకూడదని ఊరికే అనలేదు. అంతకు ముందరి తప్పు మరొకటి ఉంది. ఆ గడ్డిని నేను కొట్టించి ఉండవలసింది. నా చేత కానప్పుడు, పొరుగువారు చేస్తామన్నప్పుడు, వద్దనడానికి నాకు ఉన్న కారణం మా పని మేమే చేసుకుంటున్నామని చెప్పుకోవాలన్న ముచ్చట ఒక్కటే.

మా అబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చి, "నాన్నా, ఇక చాలు, మాతో వచ్చేయండి" అన్నాడు. కాదనే ముఖం నాకు లేదు. రెండు నెలలు వాడి ఫ్లాటులో ఉన్నాం. కోడలు ఏ లోటూ రానీయలేదు. మా శ్రీమతి కోలుకున్నది. కోలుకున్నాక ఆమె చేయడానికి పని లేక పోయింది. పదకొండవ అంతస్తు బాల్కనీలో రెండు కుండీలకు రోజుకు మూడుసార్లు నీళ్లు పోసేది. అవి కుళ్లిపోయాయి. ఒక రాత్రి, "ఆవు ఈనే రోజులు దగ్గరపడ్డాయి" అన్నది. ఊరికి వెళ్దామని మాత్రం అనలేదు. అనవలసిన బాధ్యత నాదని ఇద్దరికీ తెలుసు.

మరునాడు నలుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. అబ్బాయి భయం న్యాయమైనదే. ఆమె కోరిక కూడా న్యాయమైనదే. చివరకు కొన్ని షరతుల మీద తిరిగి వచ్చాం. ఆ షరతులే ఇప్పుడు ఇటువంటి జీవితం కోరుకునే మిత్రులకు నేను ఇచ్చే సలహా.

మొదటిది, నేలను వయసుకు తగ్గట్టు తగ్గించుకోవాలి. 80 సెంట్లలో మామిడి ఉన్న భాగాన్ని ఏటా గుత్తకు ఇస్తున్నాం. ఇంటిని ఆనుకుని ఉన్న 15 సెంట్లు మాత్రమే మా చేతుల మీద ఉన్నాయి. ఇద్దరికి కూరలు పండటానికి అంతకంటే అక్కరలేదు. ఆవును పొరుగువారికి ఇచ్చేశాం. మేత వాళ్లది, చాకిరీ వాళ్లది. రోజుకు ఒక లీటరు పాలు మాకు పోస్తారు. ఎంత నమ్మకమైన పాలైనా పచ్చిగా త్రాగకుండా పొంగేవరకు కాచుకుంటాం.

రెండవది, సాయం తీసుకోవడానికి సిగ్గుపడకూడదు. నెలకు రెండుసార్లు మనిషిని పెట్టి కంచె వెంట గడ్డి కొట్టిస్తాం. ఇంటి చుట్టూ కట్టెలు, కొబ్బరి మట్టలు పోగుపడనీయం. ఎలుకలు తగ్గితే పురుగులూ తగ్గుతాయి, పాములూ తగ్గుతాయి. మా ప్రాంతంలో రక్తపింజర, నాగుపాము, కట్లపాము మూడూ ఉన్నాయి. చీకటి పడ్డాక టార్చి లేకుండా అడుగు వేయం, నేల మీద పడుకోం, దోమతెర అంచులు పరుపు క్రిందికి దోపుతాం. పాము కరిస్తే తాడు కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం, పసరు పోయించడం చేయరాదు. కరిచిన అవయవాన్ని కదలకుండా ఉంచి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి నేరుగా తీసుకువెళ్లాలి. ఆ ఆసుపత్రి ఏదో, ఎంత దూరమో ఇల్లు కట్టుకోక ముందే తెలుసుకుని ఉండాలి. మా ఇంట్లో 108 నంబరు, ఇద్దరు పొరుగువారి నంబర్లు, మేము వాడే మాత్రల పేర్లు ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో వ్రాసి తలుపు వెనుక అంటించి ఉన్నాయి.

మూడవది, ఒంటిని కప్పి పనిచేయాలి, పని కాగానే స్నానం చేయాలి. పూర్తి చేతుల చొక్కా, పొడవు బూట్లు వేసుకోవాలి. విప్పిన బట్టలు గడ్డి మీద ఆరవేయకూడదు. ముల్లు గుచ్చుకున్నా, మేకు గీసుకున్నా ధనుర్వాతం రాకుండా పదేళ్లకు ఒకసారి టీడీ టీకా వేయించుకోవాలి. చిన్నప్పుడు వేయించాంలే అనుకునేవారే ఎక్కువ.

నాల్గవది, ఎండ ఎక్కేసరికి నీడకు చేరాలి. వేసవిలో తొమ్మిది తరువాత, సాయంత్రం నాలుగున్నర లోపు మేము తోటలో అడుగు పెట్టం. ఒక్క పూటకు మొక్క వాడుతుంది గానీ చచ్చిపోదు. చచ్చిపోయినా మరొకటి నాటుకోవచ్చు.

ఐదవది అన్నింటికంటే ముఖ్యం. పల్లెలలో, తోటల మధ్య ఉండేవారికి జ్వరం వస్తే మూడు రోజులు దాటనీయకండి. వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు, "మేము తోట పని చేస్తాం, గడ్డిలో తిరుగుతాం" అని మీరే చెప్పండి. ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పెచ్చు ఉందేమో చూడమని అడగండి. ఆడవాళ్లు సిగ్గుపడి చెప్పరు, మగవాళ్లు అశ్రద్ధ చేసి చూసుకోరు. ఒంటరిగా ఉండేవారు అద్దం పట్టుకుని చూసుకోవాలి, లేదా నమ్మకమైనవారి చేత చూపించుకోవాలి.

ఇప్పుడు నా వయసు 71. మోకాలు నొప్పి అలాగే ఉంది. గొంతుక్కూర్చోలేను కాబట్టి నడుము ఎత్తున ఇటుకలతో రెండు మళ్లు కట్టించుకున్నాం. వాటిలో తోటకూర, మెంతి నిలబడే కోసుకోవచ్చు. మరో ఐదేళ్లకు ఈ 15 సెంట్లు కూడా ఎక్కువ కావచ్చు. అప్పుడు ఈ రెండు మళ్లు మిగిలినా చాలునని ఇద్దరం అనుకున్నాం. ఇద్దరిలో ఒకరే మిగిలే రోజు గురించి కూడా మాట్లాడుకున్నాం. మిగిలినవారు ఇక్కడ ఒంటరిగా ఉండకుండా అబ్బాయి దగ్గరకు వెళ్లాలని ఒప్పందం. ఆ మాట అనుకోవడానికి మాకు రెండు సాయంత్రాలు పట్టింది.

ఇంటికి వచ్చిన అతిథులకు ఈ రోజులలో కూడా విస్తరిలోని పదార్థాలు చూపిస్తాను. బీరకాయ మాది, పెరుగు పొరుగువారిది, బియ్యం మా పెదనాన్నగారి మనుమడు పంపినవి అని చెబుతాను. ఎవరిది వారికి చెప్పడంలో తక్కువేమీ లేదని అర్థమైంది.

వానాకాలం మొదలైనది మొదలు సంక్రాంతి వరకు, సాయంత్రం తోట పని ముగిసి స్నానం చేశాక, మా శ్రీమతి దీపం దగ్గర నిలబడి వీపు నా వైపు త్రిప్పుతుంది. నేను కళ్లజోడు పెట్టుకుని మెడ నుంచి నడుము మడత దాకా శ్రద్ధగా చూస్తాను. తరువాత నా వంతు. ఇద్దరికీ కలిపి ఐదు నిమిషాలు పడుతుంది. ఆరేళ్లుగా ఒక్క రోజు కూడా మానలేదు.